ఎవరి పేరున రాసుకున్న డబ్బు? ఫిజీషియన్ అసిస్టెంట్ల జీతం వెనకున్న లెక్క

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ పీఏ అంటే ఎమ్మెల్యే వెనక రెండు ఫోన్లు పట్టుకుని తిరిగే మనిషి. ‘మా అమ్మాయి అమెరికాలో పీఏ చదువుతోంది’ అని కావలిలో ఎవరైనా అంటే, ‘దానికి కూడా చదువుందా?’ అని ఎదుటివాళ్లు ఆశ్చర్యపోవడంలో తప్పులేదు. అక్కడ పీఏ అంటే ఫిజీషియన్ అసిస్టెంట్. డిగ్రీ అయ్యాక మరో రెండేళ్లకు పైగా పీజీ స్థాయిలో చదివి, పరీక్ష గట్టెక్కి, లైసెన్సు తీసుకుని రోగుల్ని చూసే వృత్తి. జబ్బేమిటో తేలుస్తారు, మందులు రాస్తారు, ఆపరేషన్ బల్ల దగ్గర సర్జన్‌కు ఎదురుగా నిలబడతారు. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో యూజీన్ స్టెడ్ అనే వైద్యాచార్యుడు, నౌకాదళంలో వైద్య సహాయకులుగా చేసి వచ్చిన నలుగురితో ఈ కోర్సు మొదలుపెట్టారు. 1967లో అందులో ముగ్గురు పట్టా పుచ్చుకున్నారు. పల్లెల్లో డాక్టర్లు దొరక్క పుట్టిన చదువు అది.

మన దేశంలోకి ఇది గుండె ఆపరేషన్ థియేటర్ గుండా వచ్చింది. 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో తొలి కోర్సు మొదలైంది. చెన్నై నెల్లూరుకు నూట డెబ్బై, నూట ఎనభై కిలోమీటర్లు. గుండెకు కష్టమొస్తే నెల్లూరు జనం రైలెక్కేది ఆ ఊరికే. చదువు కోసం వెళ్లేదీ చాలావరకు అక్కడికే. 2021లో కేంద్రం అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తెచ్చి, అందులోని వృత్తుల జాబితాలో ఫిజీషియన్ అసోసియేట్ అన్న పేరుతో ఈ వృత్తినీ చేర్చింది. అంటే పేరుకు గుర్తింపు వచ్చింది. జీతానికి కొలబద్ద రాలేదు.

అమెరికాలోనూ ఇక్కడా ఈ వృత్తిలో ఉన్నవాళ్ల ప్రశ్న ఒక్కటే. ‘నా చేతి మీదుగా ఆసుపత్రికి వచ్చేదెంత, అందులో నాకు చేరేదెంత?’ వినడానికి తేలికైన ప్రశ్నే. జవాబు మాత్రం పని విలువ మీద కన్నా, ఆ పని ఖాతా పుస్తకంలో ఎవరి పేరు కింద పడిందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతోంది.

ముందు అమెరికా లెక్క చూడాలి. అక్కడ ప్రతి పనికీ ఒక అంకె ఉంటుంది కాబట్టి కూడికలు, తీసివేతలు వేసుకోవచ్చు. ముసలివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమాలో పాత రోగిని మామూలుగా చూసి పంపితే 2025 లెక్కన సుమారు 90 డాలర్లు, కొంచెం చిక్కు కేసైతే సుమారు 125 డాలర్లు. అది డాక్టర్ రేటు. అదే రోగిని అదే గదిలో పీఏ చూసి, పీఏ పేరున బిల్లు పెడితే అందులో 85 శాతమే వస్తుంది. 1997 నాటి చట్టంతో ఖాయమైన కోత ఇది. 90 కాస్తా 76 అవుతుంది, 125 కాస్తా 106. రోగులు సగం సగం అనుకుంటే తలకు 91 డాలర్లు.

రోజుకు 16 మంది, ఏడాదికి 220 పనిదినాలు అనుకుందాం. అందరూ మెడికేర్ రోగులే, బిల్లు పెట్టిన ప్రతి డాలరూ వసూలైందనీ అనుకుందాం. నిజంలో రెండూ జరగవు గానీ లెక్కకు వీలుగా ఉంటుంది. ఏడాదికి 3 లక్షల 20 వేల డాలర్లు తేలుతుంది. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2024 మే నాటికి చెప్పిన పీఏల మధ్యస్థ జీతం 1,33,260 డాలర్లు. తెచ్చిందాంట్లో సగం కూడా చేతికి రాలేదు. ‘నా జీతానికి రెండింతల పైన తెచ్చాను, మిగతాదెవరు తిన్నారు?’ అన్న కోపం ఇక్కడే పుడుతుంది.

ఆ కోపంలో సగమే న్యాయం. మెడికేర్ ఇచ్చే రుసుములోనే మూడు ముక్కలున్నాయి. వైద్యుడి శ్రమకు ఒకటి, గది, సిబ్బంది, కరెంటు, సామానులాంటి నిర్వహణ ఖర్చులకు ఒకటి, పొరపాటు జరిగితే కోర్టు ఖర్చులకు పనికొచ్చే బీమాకు చిన్న ముక్క ఒకటి. 90 డాలర్ల పనిలోనైనా, 125 డాలర్ల పనిలోనైనా శ్రమ ముక్క దాదాపు సగం. ఆ లెక్కన 3 లక్షల 20 వేలలో శ్రమ వాటా 1 లక్షా 60 వేలు. జీతం మీద ఆరోగ్య బీమా, పింఛను, సెలవుల ఖర్చు ఓ 35 వేలు వేసుకుంటే యజమాని పెట్టేది 1 లక్షా 68 వేలు. అంటే రోజుకు 16 మందిని చూసే పీఏకు, రుసుము ఎంత శ్రమ అని లెక్కగట్టిందో దాదాపు అంతా అందుతోంది. అదే పీఏ 22 మందిని చూస్తే? రాబడి 4 లక్షల 40 వేలు దాటుతుంది, శ్రమ వాటా 2 లక్షల 20 వేలు. జీతం మాత్రం కదలలేదు. ఏడాదికి 50 వేల డాలర్ల తేడా అక్కడ పడింది. ‘రాబడికి ఎన్ని రెట్లు’ అన్న నినాదంలో కనపడని తేడా ఇది. రోగుల సంఖ్య పెరుగుతూ జీతం నిలిచిపోయిన చోటే అన్యాయం మొదలవుతుంది.

ఇదంతా పీఏ పేరున బిల్లు పడినప్పటి మాట. అసలు మెలిక వేరే చోట ఉంది. డాక్టర్ ఒకసారి రోగిని చూసి వైద్యం ఇదీ అని నిర్ణయించాక, తర్వాతి రాకల్లో పీఏనే చూసినా, డాక్టర్ అదే క్లినిక్‌లో అందుబాటులో ఉంటే బిల్లును డాక్టర్ పేరునే పెట్టుకోవచ్చు. అప్పుడు కోత లేదు, నూటికి నూరూ వస్తుంది. యజమానికి 15 శాతం లాభం. పీఏకు నష్టమేమిటంటే, ఏడాది చివర జీతం పెంపు అడగడానికి వెళ్తే ఆ రోగులెవరూ తన పద్దులో ఉండరు. పని చేసింది ఒకరు, పద్దు నిండింది ఇంకొకరిది. పైగా 2021 చివరి దాకా మెడికేర్ డబ్బును పీఏ నేరుగా తీసుకోవడానికే వీల్లేదు, యజమానికే వెళ్లేది. 2022 జనవరి 1 నుంచే ఆ అడ్డు తీశారు.

ఆపరేషన్ల దగ్గర ఇంకా విచిత్రం. సర్జన్‌కు సహాయంగా మరో డాక్టర్ నిలబడితే సర్జన్ రుసుములో 16 శాతం, పీఏ నిలబడితే అందులో 85 శాతం, అంటే 13.6 శాతం. అక్కడిదాకా పద్దు ఉంది. పెద్ద ఆపరేషన్ తర్వాత 90 రోజుల పాటు కుట్లు చూడటం, కట్టు మార్చడం, నొప్పని వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పడం అన్నీ మొదట ఇచ్చిన రుసుములోనే కలిసిపోతాయి, విడిగా పైసా రాదు. ఆ రాకలన్నీ చూసేది ఎక్కువగా పీఏలే. రోజంతా రోగులే, రాబడి సున్నా. కానీ ఆ సున్నా వెనక సర్జన్ మరో ఆపరేషన్ చేసుకుంటూ ఉంటాడు.

ఈ 90 రోజుల మూట మనకు కొత్తేమీ కాదు. ఆరోగ్యశ్రీ చూసిన కళ్లకు ఇట్టే తెలిసిపోతుంది, దాని పేరే ప్యాకేజీ. 2007లో మూడు జిల్లాల్లో మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో ఒక్కో ఆపరేషన్‌కు ఒక్కో మొత్తం. మంచం, మందు, మత్తు, సర్జన్, నర్సు, ఇంటికి పంపేటప్పటి మందులు, అన్నీ ఆ మొత్తంలోనే. నెల్లూరు పొగతోటలోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రికి ప్రభుత్వం నుంచి వచ్చేది ఒకే అంకె. అందులో పీఏ పనికి ఎంతన్న లెక్క వెతికితే దొరకదు. నర్సు పనికి కూడా లేదనుకోండి. అమెరికా పీఏ ‘నా రాబడి ఇంత’ అని తప్పో ఒప్పో ఒక అంకె చెప్పగలడు. నెల్లూరు పీఏకు ఆ అవకాశమే లేదు.

పని లేకనా? బైపాస్ ఆపరేషన్ జరిగే ఉదయం థియేటర్‌లో ఒక గంట నిలబడితే తెలుస్తుంది. సర్జన్ ఛాతీ తెరిచి, పక్కటెముకల లోపలి ధమనిని విడదీస్తుంటాడు. అదే సమయంలో బల్ల రెండో చివర, రోగి కాలు దగ్గర పీఏ పని. చీలమండ నుంచి పైకి కోసుకుంటూ, గుండె మీద కొత్త దారిగా కుట్టాల్సిన సిరను తేల్చాలి. దానికి పక్కల నుంచి వచ్చే కొమ్మలన్నిటికీ ఒక్కొక్కటిగా క్లిప్పు వేసి తెంపాలి. బయటికి తీశాక సిరంజితో ద్రవం ఎక్కించి, ఎక్కడైనా కారుతోందేమో చూసి, కారిన చోట వెంట్రుకంత దారంతో కుట్టాలి. సిరలో కవాటాలుంటాయి, రక్తాన్ని ఒకవైపే పోనిస్తాయి. ఏ కొన పైది, ఏ కొన కిందిది అన్నది గుర్తు పెట్టి ఇవ్వకపోతే గుండె మీద తిరగేసి కుట్టే ప్రమాదం ఉంది. ఈ పనిని ఇంకొకరు చేయడం వల్ల సర్జన్‌కు కనీసం ఓ ముప్పావుగంట, గంట కలిసొస్తుంది. తర్వాత కాలు మూసి కుట్టడం, ఐసీయూకు చేర్చడం, రాత్రి రక్తస్రావం లెక్క చూసి డాక్టర్‌కు ఫోన్ చేయడం, అయిదారు రోజులకు డిశ్చార్జ్ సమ్మరీ రాయడం కూడా చాలాచోట్ల ఆ మనిషి మీదే పడతాయి. ప్యాకేజీ క్లెయిమ్‌కు కావాల్సిన కాగితాల్లో సగం ఆ చేతిరాతే. మందుల చీటీ మీద సంతకం మాత్రం డాక్టరుదే. మన చట్టంలో పీఏకు ఆ హక్కు లేదు, ఉండాలా అన్నది వేరే చర్చ.

ఈ పనికి విలువ కట్టేదెలా? వచ్చిన ప్యాకేజీలో ఇంత శాతమని అడగడం తప్పుదారి. చేయాల్సిన ప్రశ్న ఇది: ఈ మనిషి ఉండటం వల్ల ఏం అదనంగా జరిగింది? ఊహకు ఓ ఉదాహరణ. ప్యాకేజీ లక్ష రూపాయలనుకుందాం. పీఏ లేకుండా నెలకు 24 కేసులయ్యే చోట, పీఏ వచ్చాక 30 అయ్యాయి. అదనంగా 6 లక్షలు. అందులో కుట్టు దారం నుంచి ఆక్సిజన్ దాకా కేసు కేసుకూ అయ్యే ఖర్చు 70 శాతం తీసేస్తే 1 లక్షా 80 వేలు మిగులుతుంది. పీఏ జీతం 30 వేలనుకుంటే ఆరు రెట్లు. అయితే ఈ ఆరు రెట్లూ పీఏ ఒక్కరివే అనేందుకు లేదు. అదనపు ఆరుగురికి ఐసీయూ మంచం ఖాళీ ఉండాలి, మత్తు డాక్టర్ దొరకాలి, గుండె ఊపిరితిత్తుల యంత్రం నడిపే మనిషి ఉండాలి, అన్నిటికన్నా ముందు రోగులు రావాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా పీఏ వచ్చాక కూడా కేసులు 24 దగ్గరే ఆగుతాయి, అప్పుడు అదనం సున్నా. నిండుగా నడిచే పెద్దాసుపత్రిలో పీఏ విలువ ఆకాశంలో ఉంటుంది, సగం మంచాలు ఖాళీగా ఉన్న చోట నేల మీద ఉంటుంది. మనిషీ, నైపుణ్యమూ అవే. అందుకే జీతం మొత్తాన్ని రాబడికి కట్టేయకూడదు. మంచాలు నింపడం పీఏ చేతిలో లేని పని.

యాజమాన్యాలు మరో లెక్క వేస్తాయి, అదే చలామణిలో ఉంది కూడా. పీఏ బదులు ఎంబీబీఎస్ డ్యూటీ డాక్టర్‌ను పెడితే ఎంత, ఆయుష్ డాక్టర్‌ను పెడితే ఎంత, అంతకన్నా కాస్త తక్కువ పీఏకు ఇద్దాం. సంతలో బేరం లెక్క అన్నమాట. దీన్ని అన్యాయమని ఒక్క ముక్కలో కొట్టేయడం కుదరదు, జీతాలన్నీ ఎంతో కొంత ఇలాగే తేలతాయి. కానీ సిర తీసే పనికి కావాల్సింది డ్యూటీ గదిలో రాత్రి మేలుకునే మనిషి కాదు. ఆ చేతికి అలవాటు రావడానికి వందల కాళ్లు పడతాయి. రెండేళ్లు నేర్పించి, జీతం పెంచక, చెన్నైకో బెంగళూరుకో పోగొట్టుకునే ఆసుపత్రి ఎంత నష్టపోయిందో ఏ పద్దులోనూ రాయదు. మళ్లీ కొత్తవాళ్లకు కాలు మీద మొదటి కోత నుంచి నేర్పాల్సిందే.

వాటా అన్న మాటకు మన తీరంలో పాత పద్ధతి ఉంది. కొత్తపట్నం నుంచి జువ్వలదిన్నె దాకా ఏ పల్లెపాలెంలో అడిగినా చెబుతారు. పడవ ఒడ్డుకొచ్చాక చేప పాట పాడతారు. వచ్చిన డబ్బులో డీజిలు, ఐసు, బత్తెం ఖర్చు తీసేస్తారు. మిగిలిందాన్ని పాళ్లు వేస్తారు. పడవకూ వలకూ కొన్ని పాళ్లు, నడిపే సరంగుకు ఒకటికి పైన, మిగతావాళ్లకు తలా ఒకటి. ఎన్నెన్ని అన్నది ఊరిని బట్టి, పడవను బట్టి మారుతుంది. పడవ యజమానికి ఎక్కువ పోతుందన్న గొణుగుడు అక్కడా ఉంటుంది. కానీ ఎంత వచ్చిందన్న దాని మీద తగవు పుట్టదు. పాట అందరి ముందే జరిగింది, ఆఖరి మాట అందరూ విన్నారు, డీజిలు ఎన్ని లీటర్లు పోశారో మోసినవాడికే తెలుసు. పాలు తక్కువైనా కళ్లముందటి లెక్క కాబట్టి మనిషి ఓర్చుకుంటాడు.

ఆసుపత్రిలో పాట తలుపు వెనక జరుగుతుంది. ప్యాకేజీ ఎంతో పథకం వెబ్‌సైట్‌లో ఉండొచ్చు. క్లెయిమ్‌లో ఎంత కోశారు, ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్నది అకౌంట్స్ గదికే తెలుసు. 2025 అక్టోబరులో రాష్ట్రంలోని నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు చెల్లించాలంటూ ఈ సేవలు ఆపేశాయి. అంటే చేసిన ఆపరేషన్ డబ్బు నెలల తరబడి రాకపోవచ్చు. అలాంటప్పుడు ‘వచ్చిందాంట్లో వాటా’ అని ఒప్పుకున్న పీఏ, తనకు తెలియని పద్దు మీద, తన చేతిలో లేని ఆలస్యం మీద పందెం కాసినట్టే. సముద్రంలో చేప పడకపోతే పడవ మీద అందరికీ ఒకేసారి తెలుస్తుంది. క్లెయిమ్ పడకపోతే పీఏకు జీతం పడని రోజున తెలుస్తుంది.

శాతానికి ఇంకో చెడ్డ పేరు కూడా ఉంది. పొగతోటలో ‘పర్సెంటేజీ’ అంటే జీతం గురించి మాట్లాడుతున్నారని ఎవరూ అనుకోరు. ఊళ్లోంచి రోగిని పంపిన ఆర్‌ఎంపీకి చేరేది, స్కానింగ్ సెంటర్ నుంచి వెనక్కొచ్చేది గుర్తొస్తాయి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలో రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం డాక్టర్లకు నిషిద్ధం. ఆ నియమం వీధిలో ఎంత నడుస్తోందో వీధికే తెలుసు. ఈ వాతావరణంలో పీఏ జీతాన్ని బిల్లు మొత్తానికి కడితే, కనిగిరి నుంచో పొదిలి నుంచో కిడ్నీ జబ్బుతో బస్సెక్కి వచ్చిన మనిషికి అక్కర్లేని పరీక్ష ఇంకొకటి రాసేవాళ్ల వరుసలో ఇంకొక చెయ్యి చేరుతుంది. అమెరికాలోనూ ఇదే భయం ఉంది కాబట్టే చాలాచోట్ల వసూలైన డాలర్ల మీద కాకుండా, పని బరువును కొలిచే యూనిట్ల మీద అదనపు డబ్బు లెక్కగడతారు. 90 డాలర్ల పనికి 1.30 యూనిట్లు, 125 డాలర్ల పనికి 1.92. రోగికి ఏ బీమా ఉన్నా, అసలు లేకపోయినా యూనిట్లు మారవు. అప్పుడు పేద రోగిని చూసిన పీఏ నష్టపోడు. అలాగని ఇది మచ్చలేని పద్ధతీ కాదు, ఎక్కువమందిని తొందరగా చూసి పంపే ఆశ దీనిలోనూ ఉంది.

మన ప్రభుత్వ వ్యవస్థలో దీనికి దగ్గరి నమూనా ఒకటి ఊరూరా కనిపిస్తోంది. గ్రామ ఆరోగ్య క్లినిక్‌లలో పనిచేసే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు, మన రాష్ట్రంలో మొదట్నుంచీ ఎంఎల్‌హెచ్‌పీలని పిలిచేవాళ్లు. నర్సింగ్ డిగ్రీ మీద ఆరు నెలల శిక్షణ తీసుకుని వస్తారు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం వాళ్లకు నెలకు 25 వేలు స్థిర జీతం, పని లక్ష్యాలను బట్టి 15 వేల దాకా ప్రోత్సాహకం. ఎంతమంది బీపీ, షుగర్ రోగుల్ని పట్టించుకున్నారు, ఎంతమంది గర్భిణుల్ని చూశారు లాంటివి ఆ లక్ష్యాలు. ప్రోత్సాహకం సమయానికి పడదన్న ఫిర్యాదులు సరేసరి. పద్ధతి మాత్రం ఆలోచించదగ్గదే. రాబడి అనేదే లేని చోట కూడా పనిని లెక్కపెట్టొచ్చని, లెక్కపెట్టిన పనికే అదనం ఇవ్వొచ్చని అది చూపిస్తోంది.

ప్రైవేటు ఆసుపత్రి పీఏకు కూడా ఈ దారే పనికొస్తుంది. జీతంలో పెద్ద భాగం స్థిరంగా, నైపుణ్యాన్ని బట్టి ఏటా పెరిగేలా ఉండాలి. దాని మీద, ఎన్ని సిరలు తీశారు, వాటిలో ఎన్ని కాళ్లకు చీము పట్టలేదు, ఆపరేషన్ తర్వాత ఎంతమందిని చూశారు, ఎన్ని రాత్రులు నిలబడ్డారు అన్న లెక్కకు కొంత అదనం. వీటిలో ఏదీ బిల్లు పెంచితే పెరిగేది కాదు, అన్నీ నెల చివర రెండు వైపులా చూసుకోగలిగినవే. చీము లెక్క మాత్రం జాగ్రత్తగా పెట్టాలి. షుగర్ ఉన్న కాలుకూ లేని కాలుకూ ఒకే కొలత పెడితే, చిక్కు కేసుల నుంచి తప్పుకోవడం నేర్పినట్టవుతుంది.

అంతదాకా పోవడానికి ముందు చిన్న మెట్టు ఒకటుంది. ప్రతి ఆపరేషన్ నోట్‌లో సర్జన్, అసిస్టెంట్, మత్తు డాక్టర్, స్క్రబ్ నర్సు అని వరుసలుంటాయి. అసిస్టెంట్ దగ్గర కాలు వైపు నిలబడిన మనిషి పేరు పడిందా, ఆ రోజు థియేటర్‌లోకి తొంగిచూసి వెళ్లిన జూనియర్ డాక్టర్ పేరు పడిందా అన్నది ఆసుపత్రికో తీరు. ఆ వరుసలో పేరు సరిగా పడితే ఏడాది తిరిగేసరికి ఒక పద్దు తయారవుతుంది. జీతం మాట్లాడేందుకు మేడమీది గదికి వెళ్లేటప్పుడు పీఏ చేతిలో ఉండాల్సింది ఆ కాగితాల కట్టే.